ఉప్పునీటి అక్వేరియం చేపల పరాన్నజీవి వ్యాధులు: తరచుగా అడిగే ప్రశ్నలు

చేప ఒంటి మీద తెల్ల చుక్కలు కనిపిస్తున్నాయి. ఇది తెల్లమచ్చల వ్యాధేనా?

కావచ్చు. అయితే మందు సీసా మూత తీసేముందు తొట్టి ఎదుట కాసేపు కదలకుండా కూర్చుని చేపను గమనించడం అవసరం, ఎందుకంటే ఉప్పునీటి చేపలకు తరచుగా సోకే నాలుగైదు పరాన్నజీవుల్లో ఒకదాన్ని చంపే మందు మరొకదానికి ఏమీ చేయదు. తెల్లమచ్చల వ్యాధికి కారణం క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అనే ఏకకణ జీవి. దాని చుక్కలు ఉప్పు పలుకులంత ఉంటాయి. ఒంటి మీదా రెక్కల మీదా విడివిడిగా, లెక్కపెట్టగలిగేలా కనిపిస్తాయి. మరో పరాన్నజీవి వల్ల వచ్చే వెల్వెట్ వ్యాధిలో చుక్కలు అంతకంటే చాలా సన్నవి. అవి జల్లెడ పట్టిన పిండిని చల్లినట్టు పరుచుకుంటాయి కనుక ఎదురుగా చూస్తే చాలాసార్లు కంటికి ఆనవు. గదిలో దీపాలు ఆర్పేసి, టార్చి వెలుగును చేప పక్క నుంచి ఏటవాలుగా పడనిస్తే చర్మం మీద బూడిద రంగుకూ బంగారు రంగుకూ మధ్య ఉండే ఒక పొడి మెరుపు తేలుతుంది. ఆ మెరుపును ఒకసారి చూసినవారు మళ్లీ పొరబడరు.

వారాల తరబడి ఒకే చోట ఉండి, కాలీఫ్లవర్ ముక్కలా గుత్తిగా పెరిగే తెల్లని ముద్ద పరాన్నజీవి కాదు. అది లింఫోసిస్టిస్ అనే వైరస్ వల్ల వస్తుంది. శుభ్రమైన నీరు, మంచి మేత ఉంటే క్రమంగా దానంతట అదే తగ్గుతుంది. దానికి రాగి మందు వాడితే చేపకు బాధే తప్ప ప్రయోజనం లేదు. చర్మం మీది జిగురును కొద్దిగా గీసి తీసి సూక్ష్మదర్శిని కింద చూడటం అన్నిటికంటే నమ్మదగిన పద్ధతి. ఆ వీలు లేనివారు చుక్కల పరిమాణం, అవి వచ్చిపోయే తీరు, చేప శ్వాస అనే మూడింటినీ కలిపి అంచనాకు రావాలి.

రెండు రోజుల్లో చుక్కలు వాటంతట అవే పోయాయి. చేప కోలుకున్నట్టేనా?

కాదు. ఈ వ్యాధిలో జనం ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. మనకు కనిపించే చుక్క వ్యాధిలో ఒక దశ మాత్రమే. చర్మం పైపొర కింద దూరి, చేప కణజాలాన్ని తింటూ పెరిగే ఆ దశను ట్రోఫాంట్ అంటారు. అది చేప మీద సాధారణంగా 3 నుంచి 7 రోజులు ఉంటుంది. కడుపు నిండాక తనంతట తానే చేపను విడిచి అడుగుకు దిగి, కొన్ని గంటలపాటు పాకి, రాయి మీదో ఇసుక మీదో గాజు మీదో అంటుకుని చుట్టూ గట్టి తొడుగు కట్టుకుంటుంది. టోమాంట్ అనే ఈ తొడుగులో అది విభజన చెందుతూ పోయి, ఒక్కో తొడుగు నుంచి వందల సంఖ్యలో థెరాంట్లు అనే ఈత పిల్లలు బయటికి వస్తాయి. ఎక్కువ తొడుగులు 3 నుంచి 28 రోజుల్లోపు తెరుచుకుంటాయి గాని, ప్రయోగశాలలో 72 రోజుల తరువాత తెరుచుకున్నవీ నమోదయ్యాయి. బయటపడిన ఈత పిల్లకు ఒకటి రెండు రోజులకు మించి ఆయువు లేదు, అందులోనూ చేపకు అంటుకోగల శక్తి మొదటి కొన్ని గంటలే బలంగా ఉంటుంది. అందుకేనేమో అవి ఎక్కువగా చీకటి వేళ, చేపలు రాళ్ల సందుల్లో కదలకుండా నిద్రపోయేటప్పుడు వెలువడతాయి.

కాబట్టి మంగళవారం కనిపించిన ఐదు చుక్కలు గురువారానికి మాయమయ్యాయంటే, ఐదు తొడుగులు తొట్టి అడుగున పడ్డాయని అర్థం. ఆ వారం వేసిన వెల్లుల్లికో, మార్చిన మేతకో, పోసిన ద్రావణానికో ఆ ఘనత దక్కుతుంది. మరో వారం పది రోజులకు చుక్కలు ఐదు కాదు, యాభై వస్తాయి. మరో ముఖ్యమైన సంగతి ఏమంటే, మందులు చంపేది ప్రధానంగా నీటిలో ఈదే పిల్లలనే. చర్మం కింద ఉన్నదాన్నీ తొడుగులో ఉన్నదాన్నీ అవి దాదాపు తాకలేవు. ఈ వ్యాధి చికిత్సలన్నిటిలోనూ చుక్కలను కాక రోజులను లెక్కపెట్టమని చెప్పడానికి కారణం ఇదే.

ఈ పరాన్నజీవి ప్రతి తొట్టిలోనూ ఉంటుందనీ, చేప ఒత్తిడికి గురైనప్పుడే బయటపడుతుందనీ అంటారు. నిజమేనా?

చేప లేకుండా ఇది బతకలేదు, శూన్యం నుంచి పుట్టదు. తొట్టిలోకి రానివ్వకపోతే ఎంత ఒత్తిడి కలిగినా ఈ వ్యాధి రాదు. అయితే ఆ మాటకు ఒక ఆధారం ఉంది. ఒకసారి సోకి బతికిన చేపలకు కొన్ని నెలలపాటు పాక్షికమైన రోగనిరోధక శక్తి వస్తుంది. అటువంటి తొట్టిలో పరాన్నజీవి మొప్పల్లో నాలుగైదు చొప్పున, కంటికి కనిపించకుండా కొనసాగుతూనే ఉంటుంది. కొత్త చేపను వేసిననాడో, హీటరు పాడై నీరు చల్లబడిననాడో అది పైకి తేలుతుంది. యజమాని దాన్ని ఒత్తిడి అంటాడు. అది తొట్టిలో అంతకుముందు నుంచే ఉన్న వ్యాధి.

రాగి ఎంత మోతాదులో, ఎన్ని రోజులు వాడాలి?

రాగి మందులు ప్రధానంగా రెండు రకాలు, వాటి మోతాదుల మధ్య తేడా పది రెట్లకు పైగా ఉంటుంది. సాదా రాగి సల్ఫేట్ ద్రావణమైతే నీటిలో స్వేచ్ఛా రాగి లీటరుకు 0.15 నుంచి 0.20 మి.గ్రా. మధ్య ఉండాలి. అంతకు తగ్గితే పరాన్నజీవి బతుకుతుంది, కొంచెం మించితే చేప మొప్పలు దెబ్బతింటాయి. కీలేటెడ్ రాగిలో లోహం మరొక అణువుతో కట్టుబడి నెమ్మదిగా విడుదలవుతుంది కనుక లీటరుకు సుమారు 2 నుంచి 2.5 మి.గ్రా. దాకా అవసరమవుతుంది. ఈ రెండు అంకెలను తారుమారు చేసుకుంటే చేపలు పూర్తిగా పోతాయి, కాబట్టి సీసా మీద రాసిన రకాన్నీ తయారీదారు చెప్పిన స్థాయినీ చదవకుండా చుక్క కూడా వేయకూడదు. కొలిచే టెస్ట్ కిట్ కూడా ఆ రకం రాగికి సరిపడేదే అయి ఉండాలి.

మోతాదును ఒక్కసారిగా కాక, మూడు నాలుగు రోజుల్లో మెట్లు మెట్లుగా పెంచడం చేపకు మేలు చేస్తుంది. పూర్తి స్థాయికి చేరిన రోజును మొదటి రోజుగా లెక్కించి 30 రోజులు కొనసాగించాలి. మధ్యలో ఒక్క రోజు స్థాయి తగ్గినా ఆ రోజు వెలువడిన ఈత పిల్లలు చేపను చేరుకుంటాయి, లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. నీరు మార్చినప్పుడు పోసే కొత్త నీటిలో ముందే అదే స్థాయిలో రాగి కలిపి ఉంచుకోవాలి. చాలామంది చికిత్స విఫలమయ్యేది ఈ చిన్న పనిని మరచిపోవడం వల్లనే. అమ్మోనియాను కట్టిపడేసే ద్రావణాలు కొన్ని రాగిని మరింత విషపూరితమైన రూపంలోకి మార్చగలవు కాబట్టి రెండిటినీ కలిపి వాడకూడదు.

రాగిని ప్రధాన తొట్టిలో ఎన్నడూ వేయకూడదు. పగడాలు, రొయ్యలు, నత్తలు, పీతలు, స్టార్ ఫిష్‌లు కొద్దిపాటి రాగికే చనిపోతాయి. పైగా లైవ్ రాక్ (సూక్ష్మజీవులు పట్టిన సముద్రపు రాయి), పగడపు ఇసుక రాగిని పీల్చుకుంటాయి. నీటిలో స్థాయి నిలవదు, రాయిలో చేరినది తరువాత ఎప్పుడు బయటికి వస్తుందో చెప్పలేము. షార్కులు, టేకు (రే) చేపలు కూడా రాగిని తట్టుకోలేవు.

మందు లేకుండా తెల్లమచ్చల వ్యాధిని నయం చేసే మార్గం ఉందా?

రెండు ఉన్నాయి. మొదటిది ఉప్పు శాతాన్ని తగ్గించడం. క్వారంటైన్ తొట్టిలో, అంటే చేపలను వేరుగా ఉంచే చిన్న తొట్టిలో, నీటి సాపేక్ష సాంద్రతను (ఉప్పు ఎంతుందో చెప్పే కొలతను) 1.025 నుంచి రెండు రోజుల్లో 1.009కి దించి, అక్కడే కనీసం 30 రోజులు నిలపాలి. అస్థిచేపలు తమ శరీరంలోని లవణాలను సర్దుకోగలవు కనుక ఈ తగ్గుదలను చాలావరకు తట్టుకుంటాయి; పరాన్నజీవి తొడుగు మాత్రం లోపలికి చొచ్చుకువచ్చే నీటికి పగిలిపోతుంది. ఇక్కడ 1.009 అంటే 1.009 మాత్రమే, 1.011 కాదు. అందువల్ల ఉప్పును కొలిచే రిఫ్రాక్టోమీటరును మామూలు నీటితో కాక 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్ల ఉప్పు) ప్రామాణిక ద్రావణంతో సరిచూసుకోవాలి. ఉప్పు తగ్గితే నీటి క్షారత కూడా తగ్గి పీహెచ్ పడిపోతుంది. రోజూ కొలిచి వంటసోడాతో సర్దాలి. చికిత్స ముగిశాక ఉప్పును పెంచడంలో తొందర పనికిరాదు, రోజుకు 0.001 లేదా 0.002 చొప్పున పెంచితే చాలు. తక్కువ ఉప్పుకు అలవాటుపడిన క్రిప్టోకారియాన్ రకాలు కూడా ఉన్నాయన్న సంగతి గుర్తుంచుకోవాలి.

రెండవది తొట్టి మార్పిడి. చేపను విడిచిన పరాన్నజీవి తొడుగు కట్టుకుని, విభజన చెంది, పిల్లలను వదలడానికి కనీసం మూడు రోజులు పడుతుంది. చేపను ప్రతి 72 గంటలకు ముందే పూర్తిగా శుభ్రమైన, ఆరిన మరో తొట్టిలోకి మార్చితే తొడుగులన్నీ పాత తొట్టిలోనే మిగిలిపోతాయి. 1వ రోజున మొదటి తొట్టిలో వేసి, 4, 7, 10, 13వ రోజులలో మార్చితే నాలుగు మార్పిడులతో పని పూర్తవుతుంది. రెండు తొట్లు, రెండు జతల ఎయిర్ స్టోన్లు, గొట్టాలు ఉంటే చాలు, ఒకటి వాడుతుండగా మరొకటి కడిగి ఎండబెట్టుకోవచ్చు. వలతో పాటు పాత నీరు కొత్త తొట్టిలోకి రాకుండా చూసుకోవాలి. నా ఉద్దేశంలో ఓపిక ఉన్నవారికి, చిన్న చేపలకు ఇంతకంటే మెరుగైన పద్ధతి లేదు. ఈ రెండు పద్ధతులూ తెల్లమచ్చల వ్యాధికి మాత్రమే. వెల్వెట్‌కు రెండూ పనికిరావు.

వెల్వెట్ వ్యాధి అంత ప్రమాదకరమా?

అవును, దీని విషయంలో రేపు చూద్దామనుకోవడానికి వీల్లేదు. అమైలూడినియం ఒసెల్లేటం అనే ఈ జీవి మొదట మొప్పలను పట్టుకుంటుంది కనుక, చర్మం మీద పొడి కనిపించేసరికి చేప చాలావరకు ఊపిరి కోల్పోయి ఉంటుంది. నిన్న సాయంత్రం మేత తిన్న చేప ఇవాళ పంపు ఎదుట, నీటి ఉధృతికి తల ఆనించి, నోరు తెరిచి వేగంగా శ్వాసిస్తుంటే, వెలుగును తప్పించుకుంటుంటే, చుక్కలు లేకపోయినా వెల్వెట్‌నే ముందు అనుమానించాలి. ఒక్క తొడుగు నుంచి 256 దాకా ఈత పిల్లలు వెలువడగలవు. ఉప్పు తగ్గించినా ఇది తట్టుకుంటుంది.

అనుమానం కలిగిన రోజే చేపలన్నిటినీ, ఆరోగ్యంగా కనిపించేవాటితో సహా, క్వారంటైన్ తొట్టిలోకి మార్చి రాగి మొదలుపెట్టాలి. మార్చేముందు అయిదు నిమిషాల మంచినీటి స్నానం మొప్పల మీది భారాన్ని కొంత తగ్గించి చేపకు కాస్త వ్యవధి ఇస్తుంది. రాగి పడని చేపలకు క్లోరోక్విన్ ఫాస్ఫేట్ లీటరుకు 10 నుంచి 15 మి.గ్రా. చొప్పున వాడతారు. దానికి ఇంట్లో కొలిచే కిట్ లేదు కనుక తూకం కచ్చితంగా ఉండాలి, స్వచ్ఛమైన పొడి దొరకాలి. ఈ ఈత పిల్లలు సన్నని నీటి తుంపరలతో గాలిలో ప్రయాణించగలవనీ, గాలి వీచేచోట 3 మీటర్ల దాకా చేరగలవనీ ప్రయోగాల్లో తేలింది. కాబట్టి క్వారంటైన్ తొట్టి వేరే గదిలో ఉండటం మంచిది.

క్లౌన్ ఫిష్ ఒంటి నుంచి జిగురు పొరలు పొరలుగా ఊడుతోంది. రాగి వేసినా తగ్గలేదు. ఎందుకు?

అది బ్రూక్లినెల్లా హోస్టిలిస్ అనే ఏకకణ జీవి కావచ్చు, దానికి రాగి పనిచేయదు. ఇది తొడుగు దశ లేకుండా చేప మీదే రెండుగా చీలుతూ పెరుగుతుంది, కాబట్టి ఒకటి రెండు రోజుల్లోనే చేప కృశిస్తుంది. దీనికి నమ్మకమైన మందు ఫార్మలిన్ (ఫార్మాల్డిహైడ్ ద్రావణం). 37 శాతం ఫార్మలిన్‌ను లీటరు ఉప్పునీటికి 0.15 మి.లీ. మించకుండా కలిపి, ఎయిర్ స్టోన్ గట్టిగా నడుపుతూ, చేపను 30 నుంచి 60 నిమిషాలు ఉంచి, ఆపై కొత్త శుభ్రమైన తొట్టిలోకి మార్చాలి. చేప ఒరిగిపోతున్నట్టు అనిపిస్తే గడియారం చూడకుండా వెంటనే తీసేయాలి. ఫార్మలిన్ నీటిలోని ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది. మనిషికీ హానికరం, క్యాన్సర్ కారకంగా గుర్తింపు పొందింది. చేతి తొడుగులు, తెరిచిన కిటికీలు తప్పనిసరి. సీసా అడుగున తెల్లని మడ్డి పేరుకున్న పాత ఫార్మలిన్‌ను వాడనే కూడదు.

క్రోమిస్, ఆంథియాస్ చేపల పక్కల మీద ఎర్రని పుండు కనిపిస్తే అది యూరోనీమా అనే మరో పరాన్నజీవి కావచ్చు. అది కండరంలోకి చొచ్చుకుపోతుంది కనుక, పుండు బయటపడ్డాక బతికించడం అరుదు.

చేప రాళ్లకు ఒళ్లు రాసుకుంటోంది, కళ్లు మసకబారాయి, చుక్కలు మాత్రం లేవు. ఏమై ఉంటుంది?

చర్మపు చదును పురుగులను, అంటే ఫ్లూక్స్‌ను అనుమానించాలి. నియోబెనిడేనియా వంటివి దాదాపు పారదర్శకంగా ఉంటాయి కాబట్టి చేప మీద డజన్ల కొద్దీ ఉన్నా కనిపించవు. వాటిని చూడాలంటే మంచినీటి స్నానమే దారి. క్లోరిన్ తీసిన మంచినీటిని తొట్టి ఉష్ణోగ్రతకు తెచ్చి, వంటసోడాతో పీహెచ్ సరిచేసి, గాలి పట్టించి, అడుగు నల్లగా ఉన్న బకెట్‌లో పోయాలి. చేపను దించిన రెండు మూడు నిమిషాలకు కంటి మీద, పొట్ట పక్కన నువ్వుగింజలంతటి తెల్లని బిళ్లలు తేలతాయి. మంచినీరు వాటిని ఉబ్బించి తెల్లబరుస్తుంది. ఒక్కొక్కటే జారి నల్లని అడుగు మీద పడుతుంటే, అప్పటిదాకా ఆ చేప ఏం మోసిందో అర్థమవుతుంది. అయిదు నిమిషాలు దాటనివ్వకూడదు.

ఈ స్నానం వ్యాధిని నిర్ధారిస్తుందే తప్ప పూర్తిగా నయం చేయదు. చికిత్సకు ప్రాజిక్వాంటెల్ లీటరుకు 2 నుంచి 2.5 మి.గ్రా. చొప్పున వేసి, వారం లోపు రెండవసారి వేయాలి. ఈ మందు పురుగులను చంపుతుంది గాని గుడ్లను చంపదు. జిగురు పోగులతో ఇసుకకూ వలకూ చిక్కుకున్న గుడ్లు పొదిగాక, ఆ పిల్లలు పెరిగి గుడ్లు పెట్టేలోపు రెండవ మోతాదు పడాలి. ఇది నీటిలో సులభంగా కరగదు, ఆక్సిజన్‌ను కూడా తగ్గించవచ్చు. గాలి పంపు నడుస్తూ ఉండాలి.

పసుపు టాంగ్ చేప ఒంటి మీద మిరియపు పొడి చల్లినట్టు కనిపించే నల్ల చుక్కలు వేరొక చిన్న చదును పురుగువి. వాటికీ మంచినీటి స్నానం, ప్రాజిక్వాంటెల్ సాధారణంగా సరిపోతాయి.

చేపలను తీసేశాక ప్రధాన తొట్టిని ఎన్నాళ్లు ఖాళీగా ఉంచాలి?

76 రోజులు. పైన చెప్పిన 72 రోజులకు కొద్దిగా భద్రత కలిపితే వచ్చిన లెక్క ఇది. వెల్వెట్‌కు ఆరు వారాలు చాలు గనుక రెండూ ఇందులో ఇమిడిపోతాయి. ఒక్క చేప కూడా మిగలకూడదు, రాళ్ల మధ్య దాక్కున్న చిన్న గోబీ సహా. పగడాలు, రొయ్యలు, నత్తలు అలాగే ఉండవచ్చు; పరాన్నజీవి వాటిని తినదు. అమ్మోనియాను తొలగించే బ్యాక్టీరియా ఆకలితో చావకుండా అప్పుడప్పుడు చిటికెడు మేత వేస్తూ ఉండాలి.

క్వారంటైన్ తొట్టికి ఏమేం కావాలి?

చాలా తక్కువ కావాలి, చాలామంది దాన్ని వాయిదా వేయడానికి కారణం కూడా అదేనేమో. 40 నుంచి 80 లీటర్ల ఖాళీ గాజు తొట్టి, హీటరు, మూత, స్పాంజ్ ఫిల్టరు, దాక్కోవడానికి రెండు మూడు పీవీసీ గొట్టపు ముక్కలు చాలు. ఇసుక, రాయి వద్దు. స్పాంజ్‌ను కొన్ని వారాల ముందే వ్యాధి లేని తొట్టికి అనుబంధంగా ఉండే ఫిల్టరు గది అయిన సంప్‌లో వేసి బ్యాక్టీరియా పట్టించుకోవాలి, ఎందుకంటే ఈ చిన్న తొట్టిలో చేపలను చంపేది పరాన్నజీవి కంటే అమ్మోనియాయే ఎక్కువ. కొత్త చేపను ఇక్కడ సుమారు ఆరు వారాలు ఉంచాలి. మొదటి రోజుల్లో మేత తినడం అలవాటయ్యాక రాగి మొదలుపెట్టడం, దాని తరువాత ప్రాజిక్వాంటెల్ రెండు మోతాదులు వేయడం నేను అనుసరించే క్రమం. అన్ని మందులూ ఒకేసారి వేయడం మాత్రం చేప కాలేయంతో పందెం కాయడమే.

కొత్త పగడాలు, నత్తలు చేపలు కావు కదా అని నేరుగా వేసేయకూడదు. నత్త గుల్ల మీద, పగడపు పీఠం మీద తొడుగులు అంటుకుని వస్తాయి. వాటిని చేపలు లేని తొట్టిలో అవే 76 రోజులు ఉంచడం కష్టమైనా సరైన పద్ధతి అదే.

క్లీనర్ రొయ్యలు, వెల్లుల్లి, యూవీ స్టెరిలైజరు పనిచేస్తాయా?

క్లీనర్ రొయ్య పైపైన ఉన్నవాటిని తినవచ్చు, చర్మం కింద ఉన్న ట్రోఫాంట్‌ను అందుకోలేదు. వెల్లుల్లి మేతకు వాసన ఇస్తుంది, అంతే. యూవీ స్టెరిలైజరు అతినీలలోహిత కాంతితో, తన గొట్టం గుండా వెళ్లిన ఈత పిల్లలను చంపుతుంది కనుక తీవ్రతను తగ్గిస్తుంది, నిర్మూలించలేదు.

వలలు, బకెట్లు, చేతుల ద్వారా వ్యాధి పాకుతుందా?

పాకుతుంది, నాకు ఒకసారి అలాగే పాకింది. క్వారంటైన్‌లో ఉన్న టాంగ్‌ను పట్టిన వలను పైపైన కడిగి, ఇంకా తడిగా ఉండగానే ప్రధాన తొట్టిలో తేలుతున్న నాచును తీయడానికి ముంచాను. తొమ్మిదవ రోజున క్లౌన్ ఫిష్ తోక మీద మొదటి చుక్క కనిపించింది. అప్పటికి ఆ తొట్టిలో ఏడాదిన్నరగా ఏ వ్యాధీ లేదు. చేపలన్నిటినీ పట్టడానికి రాళ్లన్నీ విప్పాల్సి వచ్చింది. పరికరాలను మంచినీటిలో కడిగి, పది పాళ్ల నీటికి ఒక పాలు బ్లీచ్ కలిపిన ద్రావణంలో నానబెట్టి, మళ్లీ కడిగి, ముట్టుకుంటే గరగరలాడేదాకా ఎండబెట్టాలి. పూర్తిగా ఎండిన వల మీద ఈ ఏకకణ జీవులు బతకవు. ఇప్పుడు నా దగ్గర రెండు వలలు ఉన్నాయి, క్వారంటైన్ వల పిడికి ఎర్ర టేపు చుట్టి ఉంటుంది, అది ఆ గది దాటి బయటికి రాదు.